నీలం ఊపిరి

డాక్టర్ పట్నాయక్ ఎల్లాజీ పిక్క మీద రెండు వేళ్లు ఆనించి మెల్లగా నొక్కాడు. చర్మం కింద చిటచిటమని చప్పుడయింది. ఎండిన కరివేపాకు నలిపితే వస్తుందే, అలాంటి చప్పుడు. మంచం పక్కన నిలబడ్డ రత్నానికి అదేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఆ చప్పుడు చేసే జీవులతోనే ఆమె ఉద్యోగం. కాకపోతే ఇన్నేళ్లూ అవి గాజు గొట్టాల్లో ఉన్నాయి, ఇప్పుడు తమ్ముడి కాల్లో ఉన్నాయి.

"కండలో గాలి చేరింది. మోకాలి పైదాకా తీసేయాలి. సాయంత్రమో, రేపో కాదు. ఇప్పుడే," అన్నాడు పట్నాయక్.

జ్వరంతో కళ్లు ఎర్రబడి ఉన్నా ఎల్లాజీ నోరు మాత్రం మామూలుగానే ఉంది. "నీటి కింద గాలాడక నాను సచ్చీలాగుంటే, కాల్లో గాలి సేరిందంటారేటి డాకటరు బావూ?"

ఎవరూ నవ్వలేదు. అతని భార్య పోలేశ్వరి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

విశాఖ చేపలరేవులో ఎల్లాజీ పని నీళ్లలోకి దిగడం. మరబోటు కింద పంకాకి వలలు చుట్టుకుంటే, కత్తి పళ్ల మధ్య పెట్టుకుని దిగి కోసి వచ్చేవాడు. అయిదు రోజుల కింద అతను పైకి రాకముందే బోటు మీదున్నవాడు ఇంజను తిప్పాడు. పంకా రెక్క పిక్కని చీల్చింది. వీధి చివర మందులాయన గాయం కడిగీ కడగకుండా గట్టిగా కుట్టేశాడు. కుట్లు బాగానే వేశాడు. కొంప ముంచింది అవే.

రేవు అడుగు బురదలో ఉండే ఆ సూక్ష్మజీవులకి గాలి అక్కర్లేదు సరికదా, గాలంటే గిట్టదు. కాలం కలిసిరాకపోతే గట్టి గింజల్లా ముడుచుకుని ఏళ్ల తరబడి పడి ఉంటాయి. గాలి చొరబడని చోటు, నెత్తురు అందక చచ్చిన కండ దొరికాయంటే లేచి కూర్చుంటాయి. మూసి కుట్టిన గాయం వాటికి పెళ్లివారి విడిది లాంటిది. కండని దోసెల పిండిలా పులియబెట్టి అందులోంచే సత్తువ లాక్కుంటాయి. పులిస్తే పిండి పొంగినట్టు కండా పొంగుతుంది. ఆ పొంగే పట్నాయక్ వేళ్ల కింద చిటచిటలాడింది.

"సార్, సాయంత్రం దాకా ఆగండి. నా మందు ఎక్కిద్దాం," అంది రత్నం.

పట్నాయక్ ఆమెని వరండాలోకి రమ్మన్నాడు. మంచివాడే, కానీ మాటల్లో మెత్తదనం తక్కువ. "మీ ఎలుకలు బతికాయని విన్నాను. ఇతను ఎలుక కాదమ్మా."

"వేరే దారి లేనివాళ్లకి వాడొచ్చని అనుమతి వచ్చింది కదండీ."

"దారి ఉంది. రంపం."

"కాలు లేకపోతే వాడు వాడు కాదు సార్. వాణ్ణి ఒడ్డున కూర్చోబెట్టి చూడలేను. గాలి లేని చోట అవి ఎలా బతుకుతాయో ఆ దారే మూసేస్తుంది నా మందు. వందసార్లు చూశాను. పని చేస్తుందని నాకు తెలుసు."

"తెలుసా?"

"తెలుసు."

ఆ మాట ఆమె తడబడకుండా అంది. నిజంగానే తెలుసుననుకుంది మరి. పట్నాయక్ లోపలికొచ్చి, రెండు దారులూ ఎల్లాజీకి విడమరిచి చెప్పాడు. అతను డాక్టరు వైపు చూడలేదు, అక్క వైపు చూశాడు.

"అక్క ఏటి సెప్తే అదే," అన్నాడు.

కుట్లు విప్పారు. కుళ్లినదాన్ని పైపైన తీశారు. మామూలు మందులతో పాటు రత్నం మందు కూడా గొట్టంలోంచి దిగడం మొదలెట్టింది. చిక్కటి నీలం. ఎల్లాజీ దాన్ని తల తిప్పి చూసి, "బట్టలకెట్టే నీలిమందు కాదు గదేటే?" అన్నాడు. రత్నం నవ్వింది. చిన్నప్పుడు నీళ్లలో ముక్కు మూసుకుని పందెం వేసుకునేవాళ్లు ఇద్దరూ. ఏనాడూ ఆమె గెలవలేదు. ఇవాళైనా గెలవాలి అనుకుంది.

* * *

గాయంలోంచి గోరంత కండ ముక్క తీసుకుని ఆమె తన ప్రయోగశాలకి వచ్చింది. తమ్ముడి కాల్లో ఉన్న రకం మీద మందు ఎలా పని చేస్తుందో కళ్లారా చూసుకుంటే గాని ఆమెకి మనసు నిలిచేలా లేదు.

అక్కడ ఊపిరాడని పెట్టె అని ఒకటుంది. బయటి గాలి లోపలికి పోని పెద్ద అద్దాల పెట్టె. పక్కనున్న రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి లోపలి పని చేసుకోవాలి. లోపల ప్రాణవాయువు ఎంతుందో చూపించే సూది బయట ఉంటుంది. అది సున్నా మీద నిలబడితేనే ఆ జీవుల మీద చేసిన పరీక్షకి విలువ. సూది సున్నా మీదే ఉంది. దసరా నుంచీ కదలకుండా సున్నా మీదే ఉంది. రత్నం తోటి ఉద్యోగి మార్టిన్ అప్పట్లో, "మేడమ్, మీ అమ్మవారు గాలి పీల్చేసినట్టుంది. మా ప్రభువు కూడా ఇంత తొందరగా తీయలేడు," అని వేళాకోళమాడేవాడు.

పెట్టెలో రెండు గొట్టాలు పెట్టింది. ఒకదాంట్లో మందు ఉంది, ఒకదాంట్లో లేదు. మిగతావాటికి లోపల చోటు చాలలేదు, మార్టిన్ గిన్నెలతో నిండి ఉంది. అందుకని మరో రెండు గొట్టాలు పాత పద్ధతిలో బయటే కట్టింది. మాంసం రసం మరగబెట్టి, అందులో గాలంతా పోగొట్టి, విత్తనంలా కండ రవ్వ వేసి, పైన కరిగిన మైనం పోసి మూసేయడం. చదువుకునే రోజుల్లో నేర్చుకున్న పని. వాటిలోనూ ఒకదాంట్లో మందు కలిపింది. నాలుగింటినీ ఒంటి వేడిలో ఉంచి, ఆస్పత్రికి ఫోన్ చేసి, పోలేశ్వరితో మాట్లాడింది.

"అలాగే ఉన్నాడు వదినా. నొప్పి ఎక్కువైనాదంటన్నాడు."

"మందు పని మొదలెట్టినప్పుడు ఉంటుంది లేమ్మా," అంది రత్నం. ఈ జీవులు తొందరగా పెరుగుతాయి, మధ్యాహ్నానికల్లా సంగతి తేలిపోతుంది. ఆమె భోజనం డబ్బా తెరిచి, మూసి పెట్టింది.

మధ్యాహ్నం తేలింది.

మైనం వేసిన గొట్టాల్లో మందు లేనిది కాస్త మసకబారి ఉంది. మందు ఉన్నదాంట్లో మైనం బిరడా పైకి ఎగిరి పక్కన పడి ఉంది. అంచుల దాకా నురుగు పొర్లింది. రత్నం ముందు గొట్టాలు తారుమారయ్యాయనుకుంది. అతికించిన చీటీ చూసింది. తారుమారు కాలేదు. నురుగు కింద రసంలో నీలం లేదు. కడిగేసినట్టు తెల్లగా ఉంది. గాలి తగిలిన పైభాగంలో మాత్రం సన్నటి నీలపు వలయం ఒకటి తిరిగి ఏర్పడుతోంది.

ఆమె గబగబా పెట్టెలోకి చూసింది. అందులో మందున్న గొట్టం నిర్మలంగా, నిండు నీలంగా ఉంది. అక్కడ అవన్నీ చచ్చాయి. పక్కన మందు లేనిది మామూలుగానే మసకబారింది.

ఒకే మందు, ఒకే కండ ముక్క. ఒకచోట చావు, ఒకచోట పండగ.

"మార్టిన్," అని పిలిచింది. "గాలి లేని చోట దీని నీలం పోతోంది. గాలి తగిలితే తిరిగొస్తోంది. మరి పెట్టెలో నీలం పోలేదేం?"

మార్టిన్ గొట్టం వైపు చూశాడు, సూది వైపు చూశాడు. "సూది సున్నాలో ఉంది కదండీ."

నాలుగు నెలలుగా ఆ నీలం చెక్కుచెదరకుండా ఉంటే మందు గట్టిదని మురిసిపోయారు అందరూ. రత్నం అద్దానికి ముఖం ఆనించి లోపల గాలిని పసిగట్టే చిన్న గుండ్రటి బిళ్ల కోసం వెతికింది. కనిపించింది. దాని మీద ఎర్రగా, నిండుగా బొట్టు ఉంది.

దసరాకి ఆయుధపూజ చేస్తారు కదా, ప్రయోగశాలేం మినహాయింపు కాదు. సూక్ష్మదర్శినికి, పొయ్యికి, గిర్రున తిరిగే యంత్రానికి అన్నింటికీ బొట్లు పెడతారు. ఈసారి అమ్మవారి గుడి నుంచి నూనెలో కలిపిన సిందూరం తెచ్చి పెట్టింది రత్నమే. పెట్టెని శుభ్రం చేయడానికి ఎలాగూ తెరిచారు. లోపల ఆ బిళ్ల నుదురులా గుండ్రంగా కనిపించింది. ముచ్చటపడి దానికీ పెట్టింది. నూనె సిందూరం ఆ బిళ్ల మీది పలచటి పొరని కప్పేస్తే ఇక దానికి గాలి సోకేదెక్కడ? లోపల తుఫాను వచ్చినా అది సున్నా అనే చెప్తుంది.

తొడుగుల్లో చేతులు దూర్చి, స్పిరిటు దూదితో ఆమె బొట్టు తుడిచింది. ఎర్రటి మరక దూదికి అంటింది. బయట సూది కాసేపు అలాగే ఉండి లేచింది. లేస్తూనే పోయింది. ఎడమ తొడుగు మణికట్టు దగ్గర సన్నటి పగులు ఉందని మార్టిన్ అప్పుడు కనిపెట్టాడు.

ఇక విడమరిచి చెప్పేవాళ్లు అక్కర్లేకపోయింది ఆమెకి. ఊపిరి అంటే ఏమిటి? తిన్నదాన్ని కాల్చగా మిగిలిన భారాన్ని ఎక్కడో దింపుకోవడం. మనం ప్రాణవాయువు మీద దింపుకుంటాం. గాలి లేని చోట ఆ జీవులకి దింపుకునే చోటు కరువు, అందుకే పులియబెట్టుకుంటూ అరకొరగా ఈడుస్తాయి. ఇప్పుడు వాటికి నీలం మందు దొరికింది. భారమంతా దాని మీద దింపేసి హాయిగా ఊపిరి తీసుకుంటున్నాయి. కొంచెం గాలిని అవి ఎలాగో ఓర్చుకుంటాయి కానీ, మందు తోడైతే అది ఆ గాలిని విషంగా మార్చి వాటిని చంపుతుంది. పెట్టెలో దొంగగాలి ఉంది కాబట్టి చచ్చాయి. ఎలుకల కాళ్లు పుల్లల్లాంటివి, ఎక్కడైనా కాస్త నెత్తురూ గాలీ అందుతాయి కాబట్టి చచ్చాయి. ఎల్లాజీ పిక్క లోపల గాలి లేదు. అక్కడ ఆమె వాటికి సీసాతో ఊపిరి పోస్తోంది.

ఫోను చేతిలోకి తీసుకుంది. నంబరు నొక్కలేదు.

ఆ కాస్సేపూ ఆమె మనసులో ఏం తిరిగిందో తరవాత ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గదీ కాదు. ఈ మందు మీద పెద్ద సభలో చదవబోయే పరిశోధన పత్రం గుర్తొచ్చింది, మిగతా మందులే గట్టెక్కిస్తాయేమో అన్న ఆశ వచ్చింది, తన చేత్తోనే జరిగిందన్నది ఎవరికీ తెలియనక్కర్లేదేమో అన్న పాడు ఆలోచన కూడా వచ్చింది. మార్టిన్ ఆమెనే చూస్తున్నాడు. సిగ్గుతో ఆమె ఒళ్లు కాలింది. నొక్కింది.

"సిస్టర్, నీలం సీసా ఆపేయండి. ముందు అది ఆపి తరవాత నా మాట వినండి."

* * *

ఆమె వెళ్లేసరికి చిటచిట తొడ దాకా ఎక్కింది. పట్నాయక్ అప్పటికే ఆపరేషను బట్టల్లో ఉన్నాడు. వాపు దాటిన చోటల్లా అతను పెన్నుతో గీసిన గీతలు ఒకదానికి మించి ఒకటి పైకి పోయాయి.

రత్నం మంచం ముందు నిలబడి చెప్పేసింది. ఇంకెవరి చేతా చెప్పించడం ఆమెకి ఇష్టం లేకపోయింది. "నా మందు వాటిని చంపట్లేదు. పెంచుతోంది. తప్పు నాదే. యంత్రం కన్ను నేనే మూశాను."

పోలేశ్వరికి యంత్రాల సంగతి తెలియదు, మిగతాది అర్థమైంది. "పొద్దున్నే కోసేత్తామన్నారు గదా వదినా. నువ్వే గదా ఆపినావు." అరవలేదు ఆమె. అరిచి ఉంటే రత్నానికి కాస్త తేలికగా ఉండేది.

"పొద్దున మోకాలి పైన సరిపోయేది. ఇప్పుడు తుంటి దగ్గర తీయాలి. అదైనా తొందరగా," అన్నాడు పట్నాయక్.

రత్నం నోట్లో మాట ఒకటి వచ్చి ఆగింది. తెలిసిన మనిషికి నోరు మూసుకోవడం చేతకాదు. చెప్పేసింది. "సార్, మందు వాడి కండలో ఇప్పటికే నిండి ఉంది. దానికి కావల్సింది గాలి. రేవు దగ్గర డైవర్ల కంపెనీలో పీడనపు గది ఉంది. అందులో పెట్టి ప్రాణవాయువు గట్టిగా ఒత్తితే లోతు కండలోకి దిగుతుంది. దిగితే ఇదే మందు వాటిని…"

"గది సంగతి నేనూ ఆలోచించాను. ఉత్త గాలికి ఈ దశ లొంగదు. మందూ గాలీ కలిస్తే లొంగుతుందంటావా?"

"అవును."

"ఎప్పుడైనా చేసి చూశావా?"

"లేదండీ. ఇవాళే అర్థమైంది."

"లొంగకపోతే రాత్రికి మనిషి ఉండడు. లొంగుతుందని నీకు తెలుసా, అనుకుంటున్నావా?"

మంచం మీంచి ఎల్లాజీ చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పెనం మీద పెట్టినట్టుంది ఆ చెయ్యి. "ఎట్టీయే అక్కా నన్నా గదిలో. నాకలవాటే. కాలు మాత్రం ఒగ్గీయకు. నువ్వు సెప్తే నాను బతుకుతాను."

ఆమెకి లోపల్నుంచి తెలుస్తూనే ఉంది, అది పని చేస్తుంది. లెక్కలన్నీ కుదురుతున్నాయి, ఆ నీలపు వలయం ఆమె కళ్లారా చూసింది. కానీ పొద్దున కూడా లెక్కలన్నీ కుదిరాయి. పొద్దున కూడా ఇలాగే, ఇదే తమ్ముడు, ఇదే చూపు. తన తెలివి మీద తనకున్న నమ్మకం ఎంత ఖరీదైనదో ఆమెకి ఒక్కపూటలో తెలిసొచ్చింది.

"అనుకుంటున్నాను," అంది పట్నాయక్‌తో. "తెలీదు. కోసేయండి సార్."

"అక్కా!"

"ప్రాణముంటే సాలు బావూ, తీసుకెళ్లండి," అంది పోలేశ్వరి, కన్నీళ్లు కారుతుండగా.

చక్రాల మంచం కదిలింది. ఎల్లాజీ ఆమె మణికట్టు వదల్లేదు. తలుపు దాకా ఆమె పక్కనే పరిగెత్తింది. అక్కడ నర్సు అతని వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసింది.

* * *

ఎల్లాజీ బతికాడు. మూడో రోజుకి జ్వరం దిగింది, అయిదో రోజుకి చారన్నం తిన్నాడు. డాక్టర్లు అదృష్టమన్నారు. రేవులో వాళ్లు అమ్మవారి చలవ అన్నారు.

తీసేసిన కాల్లోంచి కండ పట్టీలు అడిగి తెచ్చుకుంది రత్నం. పట్నాయక్ ఎందుకని అడక్కుండానే ఇచ్చాడు. నీలం మందు ఇంకిన ఆ కండని ఉక్కు పాత్రలో పెట్టి, బిగించి, పీడనపు గదిలో ఒత్తేంత గట్టిగా ప్రాణవాయువు ఒత్తారు ఆమే, మార్టినూ. ఈసారి గాలి కొలిచే బిళ్లని మార్టిన్ నాలుగుసార్లు తుడిచాడు. పాత్ర తెరిచాక కండ లోతులోంచి ముక్క తీసి రసంలో వేసి చూశారు. మర్నాటికీ రసం తేటగానే ఉంది. ఆ మర్నాటికీ తేటగానే ఉంది. ఒక్కటి కూడా మొలవలేదు. ఇంకో పట్టీతో చేశారు, మళ్లీ అదే. ఆమె ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అని వెతికింది. తప్పు దొరికితే బాగుండునని శాస్త్రం చదివిన మనిషి కోరుకోవడం అదే మొదటిసారేమో.

"ఆ రోజు గదిలో పెట్టి ఉంటే," అని మొదలుపెట్టాడు మార్టిన్.

"పిక్క కొంత పోయేది. కుంటుకుంటూ నడిచేవాడు. కాలు ఉండేది."

"ఆయనకి చెప్పకండి మేడమ్. చెప్పి ఏం ప్రయోజనం?"

అందులో న్యాయం ఉంది. దారి పొడుగునా అదే అనుకుంటూ ఆస్పత్రికి వెళ్లింది.

పొద్దుటి ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. ఎల్లాజీ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. దుప్పటి ఒకవైపు కాలిలా ఎత్తుగా ఉంది, ఒకవైపు పక్కకి అంటుకుపోయి ఉంది. పోలేశ్వరి ఫ్లాస్కులో టీ తేవడానికి కిందికి వెళ్లింది. అన్ని రోజులూ అక్కతో అవసరమైన మాట తప్ప మాట్లాడని అతను, ఆమె కూర్చోగానే అడిగేశాడు.

"మార్టిన్ బావు వచ్చినాడు మొన్న. నా కాలు మీద ఏదో సూత్తన్నారంట గదా. తేలిందేటి?"

రత్నం ఒళ్లో చేతులు చూసుకుంది. అబద్ధం నోటి చివరే ఉంది. చిన్నదే, ఎవరికీ నష్టం లేనిది. కానీ ఆ రోజు ఫోను పట్టుకుని నొక్కకుండా నిలబడ్డ కాస్సేపు ఆమెకి ఇంకా ఒంట్లోంచి పోలేదు.

"తేలిందిరా."

"గదిలో ఎట్టుంటే దక్కీదేటి?"

"దక్కేది."

అతని దవడ బిగిసింది. "అబద్ధం సెప్పుంటే నీ సొమ్మేటి పోయీదే?" అన్నాడు మెల్లగా. "లేదు, దక్కీది కాదురా అనుంటే నాను ఇంటికెల్లిపోయీవోణ్ణి గదా."

"ఇంకోసారి నీకు తెలీనిది తెలుసనో, తెలిసింది తెలీదనో చెప్పలేను. నన్ను తిట్టు, కొట్టు. నేను భయపడ్డాన్రా. నువ్వు బతుకుతానన్నా నమ్మలేకపోయాను, నన్ను నేనే నమ్మలేకపోయాను."

ఎల్లాజీ తిట్టలేదు. కిటికీలోంచి కనిపించే సముద్రం ముక్క వైపు చూస్తూ ఉండిపోయాడు. కింద రేవులోంచి బోటు ఇంజను చప్పుడొకటి వచ్చి ఆగింది. బోట్ల కింద వలలు కోసిన చేతులు ఊరుకోలేనట్టు దుప్పటి అంచుని మడుస్తూ విప్పుతూ ఉన్నాయి.

"ఆ గదిలో గాలి ఎంత ఒత్తాల్ట?" అని అడిగాడు.

"పది బారల లోతులో నీళ్లు ఎంత ఒత్తుతాయో అంత."

"పది బారలేనా?"

"అంతే."

అతను లేని కాలి చోట చెయ్యి వేసి, అక్కడ నలిగిన పక్కబట్టని సరిచేశాడు.

"పది బారలకి నాను ముక్కు కూడా మూసుకోనే అక్కా," అన్నాడు.